ఊలు ఉండను ఏ పద్దులో రాయాలి?

ముందే చెప్పేస్తాను: స్వెటర్లు అల్లితే డబ్బు మిగలదు.

కొత్తగా ఇంగ్లండ్ వచ్చిన అమ్మాయిలు నన్ను అడిగేది దాదాపు ఒకటే. భర్తకు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం, తాను డిపెండెంట్, ఇంట్లో మూడేళ్ల పిల్ల, కొందరికి కడుపులో మరొకరు. అద్దె, గ్యాసు, కరెంటు, ఇంటి మీద స్థానిక సంస్థ వేసే కౌన్సిల్ ట్యాక్స్ పోగా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. "ఇంట్లో ఖాళీగానే ఉన్నాను కదా అక్కా, అల్లిక నేర్చుకుంటే పిల్లల బట్టల ఖర్చు తగ్గుతుందా? నాలుగు అల్లి అమ్మితే ఇంటికి ఆసరా అవుతుందా?" అంటారు. పసిపిల్లతో ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉందని మొదట అన్నదెవరో వాళ్లను నిలబెట్టి అడగాలి. ఆ సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం.

నాలుగేళ్ల పిల్లకు ఒక కార్డిగన్ అల్లడానికి మామూలు మందం ఊలు, ఇక్కడ డీకే అంటారు, 200 గ్రాములు అటూ ఇటూగా పడుతుంది. యాక్రిలిక్ అయితే వంద గ్రాముల ఉండ రెండు మూడు పౌండ్లకు దొరుకుతుంది. అసలైన గొర్రె ఊలు కావాలంటే దానికి మూడు నాలుగింతలు. బొత్తాలు వేరే. చేయి తిరిగినవారికైనా ఇరవై గంటల పని. అలాంటి కార్డిగనే సూపర్‌మార్కెట్‌లో పది పన్నెండు పౌండ్లకు, దానమిచ్చిన పాత బట్టలమ్మే ఛారిటీ షాపులో రెండు మూడు పౌండ్లకు వేలాడుతూ ఉంటుంది. ఇక అమ్మకమంటారా, ఈ దేశంలో కనీస వేతనమే గంటకు 12 పౌండ్ల పైమాట. మీ ఇరవై గంటలకు ఆ చొప్పున కూలి కట్టినా 240 పౌండ్లు దాటాలి. ఆ ధరకు కొనేవారు రారు, ఇరవై పౌండ్లకు ఇస్తే మీ కూలి గంటకు ముప్పావు పౌండు కూడా గిట్టదు. అయినా అమ్ముతానంటే డిపెండెంట్ వీసా మీద మీరు సొంతంగా అమ్ముకోవచ్చు, ఏడాదికి 1,000 పౌండ్ల లోపు రాబడికి పన్ను బెడద కూడా ఉండదు. భర్త పేరు మీద మాత్రం ఆ వ్యాపారం పెట్టకండి, ఆయన వీసాకు అది సరిపడదు. అల్లిన బొమ్మల జోలికి అసలే పోవద్దు. పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా సరే, అమ్మకానికి పెడితే 2011 నాటి బొమ్మల భద్రతా నిబంధనల కిందికి వస్తుంది. పరీక్షలు, పత్రాలు, భద్రతా ముద్ర అన్నీ కావాలి.

కాబట్టి ఊలును పొదుపు పద్దులో రాయకండి. ఖర్చు పద్దులో, బిర్యానీ, సినిమాల సరసన, నెలకు ఐదు పౌండ్లో పదో ధైర్యంగా రాసుకోండి. డబ్బు మిగిలే చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో సగం తప్పులు తిరుగుతుంటాయి.

మీ వీసా షరతుల్లో పబ్లిక్ ఫండ్స్‌కు అర్హత లేదని రాసి ఉంటుంది. ఆ ఒక్క మాటను భార్యాభర్తలిద్దరూ కూర్చుని అర్థం చేసుకోవాలి. పిల్లల కోసం ఇచ్చే ఛైల్డ్ బెనిఫిట్, తక్కువ ఆదాయం ఉన్నవారికిచ్చే యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు, ఇవన్నీ ఆ పబ్లిక్ ఫండ్స్‌లోవే. పక్కింటి తెలుగువారికి ఛైల్డ్ బెనిఫిట్ వస్తోందంటే వాళ్లకు శాశ్వత నివాసమో పౌరసత్వమో ఉండి ఉంటుంది. "దరఖాస్తు పెట్టి చూడు, పోయేదేముంది" అనే మాట వినకండి. పోయేది ఉంది. షరతు తప్పినట్టు లెక్కకు వస్తే రేపు వీసా పొడిగింపు దగ్గర తగులుకుంటుంది.

అలాగని అన్నిటికీ భయపడి దూరంగా ఉండటమూ నష్టమే. బిడ్డకు మూడేళ్లు నిండాక వచ్చే టర్ము నుంచి వారానికి 15 గంటల నర్సరీ, ఏడాదికి 38 వారాలు, ప్రభుత్వ ఖర్చుతో దొరుకుతుంది. దీనికి మీ వీసాతో పని లేదు. ఫిబ్రవరిలో మూడేళ్లు నిండిన పిల్లకు ఏప్రిల్ టర్ము, జూన్‌లో నిండితే సెప్టెంబరు టర్ము. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు ఇచ్చే 30 గంటల పథకం మాత్రం తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా పబ్లిక్ ఫండ్స్ అర్హత ఉంటేనే. ఈ రెండూ కలిపేసుకుని, మనకు ఏదీ రాదనుకుని, నెలకు వందల పౌండ్లు చేతి నుంచి కట్టే కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. నర్సరీలో చేర్చేముందు ఆ 15 గంటలకు భోజనానికి, ఇతర సరుకులకు ఏమైనా అడుగుతారా అని కనుక్కోండి.

బడి ఉచితం. నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ తరగతి, దానికి దరఖాస్తు ఆ ఏడాది జనవరి 15 లోపు కౌన్సిల్‌కు పంపాలి. రిసెప్షన్, ఒకటి, రెండు తరగతుల పిల్లలందరికీ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఉచితం. శాకాహారులమని ముందే చెబితే సరిపోతుంది. ఆస్పత్రి ఉచితమంటే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. హెల్త్ అండ్ కేర్ వీసా వారిని మినహాయిస్తే, మనం ఏడాదికి పెద్దవారికి 1,035, పిల్లలకు 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జి ముందే కట్టి విమానం ఎక్కాం. కనుక మొహమాటపడకండి. గర్భిణిగా ఉన్నప్పుడూ, కాన్పయ్యాక ఏడాది వరకూ మందుల చీటీకి డబ్బు కట్టక్కర్లేదు, ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య సేవలో పంటి వైద్యం కూడా అంతే. దానికో ధ్రువపత్రం ఉంటుంది, మంత్రసానిని, అదే మిడ్‌వైఫ్‌ను అడిగితే పెట్టిస్తుంది.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది, మ్యారేజ్ అలవెన్స్. ఇది పన్ను రాయితీ, పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. మీకు ఆదాయం లేకపోయినా, 12,570 పౌండ్లలోపే ఉన్నా, మీ వారు 20 శాతం పన్ను శ్లాబులోనే ఉంటే, మీరు వాడుకోని పన్ను మినహాయింపులో 1,260 పౌండ్లు ఆయనకు బదలాయించవచ్చు. ఏడాదికి 252 పౌండ్ల వరకు పన్ను తగ్గుతుంది. అర్హత ఉన్న గత సంవత్సరాలకు, నాలుగేళ్ల వరకు, వెనక్కి కూడా అడగవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పది నిమిషాల పని. మీ తరఫున మేం పెడతామనే మధ్యవర్తులు అందులో మంచి వాటా నొక్కేస్తారు. ఆ 252 పౌండ్లు చూస్తే మీరు ఎన్ని కార్డిగన్లు అల్లినా మిగలని డబ్బు.

కౌన్సిల్ ట్యాక్స్ మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు. ఫిబ్రవరి, మార్చిలో ఆ బరువు ఉండదు. చలికాలం గ్యాసు బిల్లు సరిగ్గా అప్పుడే వచ్చి మీద పడుతుంది, కాబట్టి ఆ రెండు నెలల తీరుబాటును దానికే అట్టిపెట్టండి. ఊరికి పంపే డబ్బు మాత్రం మిగిలితే పంపుదామనుకోకండి. అద్దె కిందే రెండో పద్దుగా రాయండి, ఎంత పంపగలరో మొదటి నెలే అత్తమామలకు, అమ్మానాన్నలకు తేల్చి చెప్పండి. ఇల్లాలు ఊలు కొన్నందుకు కాదు, ఈ ఒక్క మాట తేల్చకపోవడం వల్లే మన ఇళ్లలో పోట్లాటలు వస్తాయి.

సరే, డబ్బు మిగలనప్పుడు అల్లిక ఎందుకు? డిసెంబరు వస్తే తెలుస్తుంది. లండన్‌లో నాలుగు కొట్టకముందే సూర్యాస్తమయం, ఇంకా ఉత్తరాన మరీ ముందు. పిల్ల పడుకుంది, మనిషి ఆఫీసు నుంచి రాలేదు, అక్కడ ఇండియాలో అందరూ నిద్రపోయారు. ఆ రెండు గంటలు ఫోను పట్టుకుంటే ఎలా గడుస్తాయో నేను చెప్పక్కర్లేదు. చేతిలో అల్లిక ఉంటే వరస వరసకీ పని కనిపిస్తుంది. పైగా ఈ దేశంలో మనుషులు ఊరికే పలకరించరు, కానీ బస్సులో మీరు సూదులు తీశారంటే పక్క సీటు పెద్దావిడ వంగి చూసి, "ఎవరికి?" అని అడుగుతుంది. దాదాపు ప్రతి ఊళ్లోనూ లైబ్రరీలోనో చర్చి హాల్లోనో వారానికోసారి నిట్ అండ్ నాటర్ అని అల్లికలవాళ్లు కూడుతుంటారు. పైసా ఖర్చు లేదు, టీ ఉంటుంది, హీటర్ కూడా వాళ్లదే. ఇంగ్లీషు మాట్లాడటానికి బెరుకుగా ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అక్కడ అందరి కళ్లూ ఊలు మీదే ఉంటాయి, మీ ఉచ్చారణ మీద కాదు.

పిల్లలున్నవారు మొదట లేసు డిజైన్ల జోలికి పోకండి. లెక్కపెట్టుకుంటూ అల్లేది పిల్ల "అమ్మా" అన్న క్షణంలో పోతుంది. రెండు వైపులా నిట్ కుట్టే వేసుకుంటూ పోయే గార్టర్ అల్లిక ఎత్తుకోండి. ఎక్కడ ఆపినా మళ్లీ పట్టుకోవచ్చు. నిలువు సూదులకంటే, రెంటినీ తీగతో కలిపిన వృత్తాకార సూదులు నయం. బరువంతా ఒళ్లో ఉంటుంది, పక్కవారిని పొడవదు, సూది సోఫా కిందికి దొర్లిపోదు. డీకే ఊలుకు 4 మిల్లీమీటర్లది తీసుకోండి. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు దాన్నే 6 నంబర్ అంటారు, పాత బ్రిటిష్ పుస్తకాల్లో 8 నంబర్, కనుక మిల్లీమీటర్లే చూడండి. ఉండ చీటీ మీద రంగు బ్యాచ్ నంబరు ఉంటుంది. కావలసినవన్నీ ఒకే బ్యాచ్‌లో ఒకేసారి కొనాలి, లేకుంటే ఒక చెయ్యి ముదురుగా, ఒకటి వెలిసినట్టు వస్తుంది. మెషీన్‌లో వేయదగ్గ ఊలేనా అని కూడా చూడండి. మామూలు గొర్రె ఊలు వేడినీళ్ల వాష్‌లో పడితే బొమ్మకు తొడిగే సైజుకు ముడుచుకుంటుంది. నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి వచ్చినవారైతే, ఇంట్లో ఎవరో ఒకరు లేసు అల్లడం చూసే పెరిగి ఉంటారు కాబట్టి, క్రోషా సూదితో మొదలుపెట్టినా మంచిదే. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ లేసుకు మూలం కూడా ఈ బ్రిటిష్ దీవుల నుంచి వెళ్లిన మిషనరీలే.

నిజంగా డబ్బు కలిసొచ్చే చోట్లు అల్లికలో రెండున్నాయి. ఒకటి, మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే పద్ధతి. పిల్లలు వెడల్పు కంటే పొడవు త్వరగా పెరుగుతారు. ఏడాది తర్వాత చేతుల అంచు, నడుము అంచు విప్పి, ఆ కుట్లు మళ్లీ సూదికి ఎక్కించి, రెండంగుళాలు అల్లి ముగిస్తే మరో చలికాలం గడుస్తుంది. రంగు కలవకపోతే వేరే రంగు పట్టీ వేయండి, కావాలనే వేశారనుకుంటారు.

రెండోది, ఛారిటీ షాపులో పెద్దవాళ్ల ఊలు స్వెటర్ నాలుగైదు పౌండ్లకు కొని విప్పుకోవడం. కొనేముందు లోపలికి తిప్పి పక్క కుట్టు చూడండి. అంచు కత్తిరించి ఓవర్‌లాక్ చేసి ఉంటే అక్కడే పెట్టేయండి, విప్పితే ప్రతి వరసకూ ఒక ముక్క వస్తుంది తప్ప దారం రాదు. రెండు ముక్కలు అంచు చెదరకుండా గొలుసు కుట్టుతో కలిసి ఉంటే అది మీ సరుకు. ఆ గొలుసు కుట్టు ఒక కొస తెగ్గొట్టి లాగితే బియ్యం సంచి మూతి కుట్టు ఊడినట్టు సర్రున వస్తుంది. మెడ దగ్గర నుంచి విప్పుకుంటూ కుర్చీ వీపుకు చిలప చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరవేస్తే దారం మెలికలు పోతాయి. కొత్తది పాతిక ముప్పై పౌండ్లయ్యే ఊలు అలా చేతికొస్తుంది. చిమ్మట తిన్న చిల్లులున్నది మాత్రం ఎంత మంచి రంగైనా ఇంటికి తేవద్దు, మీ పట్టుచీరలకు ముప్పు.

పసిబిడ్డకు అల్లేవారు కొన్ని చూసుకోవాలి. టోపీ బయటికి వెళ్లేటప్పుడే, ఇంట్లోకి రాగానే తీసేయాలి, టోపీతో పడుకోబెట్టకూడదు. మన పెద్దవాళ్లు ఇక్కడ గొడవ పడతారు, తలకు గాలి తగులుతుందని. బిడ్డను చూడటానికి ఇంటికొచ్చే నర్సు, హెల్త్ విజిటర్, వచ్చినప్పుడు వాళ్ల ముందే అడగండి, మీ మీదికి రాదు. మెడ దగ్గర తాళ్లు, రిబ్బన్లు వద్దు. కారు సీట్లో దళసరి కోటు తీసేయమంటారు కాబట్టి, బెల్టు కింద ఇమిడే పల్చని కార్డిగనే ఎక్కువ పనికొస్తుంది.

కాన్పుకు అమ్మ వస్తున్నారు, లూథియానా ఊలు చవక కదా, తెమ్మననా అని కూడా అడుగుతుంటారు. వద్దు. ఊలు బరువు తక్కువైనా చోటు ఎక్కువ తింటుంది, ఆ పెట్టె పచ్చళ్లకే చాలదు. బొత్తాలు తెమ్మనండి. ఇక్కడ ఒక్కో బొత్తం ముప్పై నలభై పెన్నీలు. మన ఊరి ఫ్యాన్సీ షాపులో అట్ట లెక్కన దొరుకుతాయి, ఆవకాయ జాడీ పక్కన సందులో పట్టేస్తాయి.