ఇంగ్లండ్ తీర్పు మీద కేసు నిలబెట్టకు

అమ్మా బుజ్జీ,

ఫ్యాక్టరీ వల్ల బావులు పాడైన రైతుల తరఫున హైకోర్టులో వేయడానికి నువ్వు రాసిన పిటిషన్ డ్రాఫ్ట్ రాత్రి మొత్తం చదివాను. పటాన్‌చెరు వైపు ఆ రైతులు చెప్పిన మాటలు, బావుల సంగతి బాగా రాశావు, అక్కడ ఒక్క అక్షరం కదపకు. కానీ కేసంతా రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ మీద నిలబెట్టావు చూడు, అది మార్చాలి.

1868 నాటి ఇంగ్లండ్ తీర్పది. ఒక మిల్లు యజమాని కట్టించిన రిజర్వాయర్ నీళ్లు పాత గని గోతుల్లోంచి పోయి పక్కవాడి బొగ్గు గనిని ముంచేశాయి, తన నిర్లక్ష్యం లేకపోయినా నష్టం కట్టమన్నారు. మనకు సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. కానీ దాని వెనకే మినహాయింపులూ వస్తాయి: ప్రకృతి వైపరీత్యం, బయటివాళ్ల పని, చట్టం ఇచ్చిన అనుమతి. అవతలి లాయర్ లేచి "మా పైపు ఎవరో పగలగొట్టారు" అంటాడు, ఆ దారి నువ్వే చూపించినట్టవుతుంది. ప్రాక్టీస్ కొత్తలో నాకిదే జరిగింది. "మన సుప్రీంకోర్టు ఏమందండీ?" అని జడ్జిగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. వెనక నిలబడ్డ నా క్లయింట్ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

భోపాల్ జరిగిన ఏడాదికే, 1985 డిసెంబర్‌లో, ఢిల్లీలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం అనే ప్రమాదకరమైన గ్యాస్ లీకయింది. ఆ లీకు సంగతి విచారించిన ఎం.సి. మెహతా కేసులో 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి బెంచ్ ఆ ఇంగ్లండ్ సూత్రాన్ని దాటి వెళ్లింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్లకు ఏ మినహాయింపూ ఉండదు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారమూ అంత పెద్దది. అది తీర్పులో అసలు భాగం కాదు, సందర్భవశాత్తూ అన్న మాట అని తర్వాత వాదన లేచింది. 1996లో రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో జస్టిస్ జీవన్‌రెడ్డి, మన హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లినాయనే, కాదు, అది చట్టమేనని తేల్చారు. అక్కడా పాడైంది బావులే! నీకు ఇంతకంటే దగ్గరి తీర్పు ఏం కావాలి?

అందుకే ముందు బిచ్రీ, తర్వాత మెహతా పెట్టు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 141 ప్రకారం హైకోర్టు కట్టుబడేది ఆ సుప్రీంకోర్టు తీర్పులకే, పరాయి దేశపు తీర్పు ఒప్పించడానికి మాత్రమే పనికొస్తుంది. ఇంగ్లండ్ తీర్పు తీసేయమనట్లేదు, మనవాళ్లు ఎక్కడ బయల్దేరి ఎంత దూరం వచ్చారో చూపడానికి చివర్లో రెండు వాక్యాలు చాలు. ఇంకో మాట, ఆ ఫ్యాక్టరీ పని ప్రమాదకరమైనదని నువ్వు చూపించకపోతే ఇవేవీ పనిచేయవు.

శనివారం రా. బావి నీళ్ల టెస్ట్ రిపోర్టులు, జిరాక్సులు కాదు, ఒరిజినల్సే పట్టుకురా.

మీ బాబాయి