పాన్ నానోఫైబర్ పొర పాడయ్యేది 800 డిగ్రీల దగ్గర కాదు

ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో (అధిక వోల్టేజితో పాలిమర్ ద్రావణాన్ని అతిసన్నని పోగులుగా లాగే పద్ధతితో) తీసిన పాన్ (పాలిఅక్రిలోనైట్రైల్ అనే పాలిమర్) నానోఫైబర్ పొర కార్బనైజ్ చేసేసరికి, అంటే నైట్రోజన్‌లో 800 డిగ్రీల దాకా వేడిచేసి కార్బన్‌గా మార్చేసరికి, ముడుచుకుపోతోందనీ, నైట్రోజన్ ఇంకా ఎక్కువ పంపాలా అనీ మీరు అడిగారు. నైట్రోజన్ సంగతి తర్వాత చూడవచ్చు. 800 డిగ్రీల దగ్గర మనకు కనిపించే నష్టంలో అధికభాగం 280 దాటకముందే, పోగు ఆ తర్వాతి వేడికి కరగకుండా ముందుగా గాలిలో చేసే స్టెబిలైజేషన్‌లోనే జరిగిపోతుందని నా గట్టి నమ్మకం.

పరిశోధనలో చేరిన మొదటి ఏడాది, అల్యూమినియం రేకు మీద నుంచి అరచేయంత తెల్లని పొరను ఒలిచి, పింగాణీ బోటులో (పడవ ఆకారపు పళ్లెంలో) వదులుగా పడేసి, తొందరకొద్దీ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 280 దాకా వేడి చేశాను. మర్నాడు ఫర్నేస్ తలుపు తీస్తే, నిప్పుసెగ తగిలిన అప్పడంలా చుట్టుకుపోయి బొటనవేలంతైన నల్లటి ముక్క కనిపించింది. సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) చూస్తే పోగులు ఒకదానిపై ఒకటి పడిన చోటల్లా మెత్తబడి అతుక్కుపోయి ఉన్నాయి.

స్పిన్నింగ్‌లో సాగి, అలాగే బిగుసుకుపోయిన పాలిమర్ గొలుసులకు 100 డిగ్రీల ప్రాంతంలో కదలిక వస్తుంది. పట్టి ఉంచేది ఏదీ లేకపోతే అవి వెనక్కి ముడుచుకుంటాయి. 200 దాటాక ఆ గొలుసులకున్న నైట్రైల్ (కార్బన్-నైట్రోజన్) సమూహాలు వలయాలుగా మారుతూ వేడిని వెదజల్లుతాయి కనుక, ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఇవ్వకపోతే, ఆ వలయాలు వరసగా కలిసి కరగని నిచ్చెన లాంటి నిర్మాణం ఏర్పడేలోపే పోగు మెత్తబడుతుంది.

రెండోసారి రెండు గ్రాఫైట్ పలకల మధ్య నొక్కిపెట్టాను. పొర చదునుగానే వచ్చింది కానీ, లోపలికి గాలి అందక అంచులు నల్లగా, నడుమ లేత గోధుమరంగులో మిగిలింది. చివరికి పొరను రాత్రంతా వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల వద్ద ఉంచి మిగిలిన డీఎంఎఫ్‌ను (పాన్‌ను కరిగించడానికి వాడిన ద్రావణిని) పోగొట్టి, నాలుగంచులనూ స్టీలు పట్టీల మధ్య స్క్రూలతో బిగించి, నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున, అంటే నాలుగు గంటలకు పైగా వేడి చేస్తే దారికొచ్చింది.

పేపర్లలో మాత్రం «280 డిగ్రీలు, ఒక గంట» అని రాసి ఊరుకుంటారు. పొరను దేనితో, ఎంత బిగువుగా పట్టారో చెప్పరు. పాన్ పోగును ఈ దశలో కుదించుకోనివ్వకుండా పట్టాలన్నది 1960ల్లోనే ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో కార్బన్ ఫైబర్ తయారుచేసినవారికి తెలిసిన విషయమే కదా!

అయితే ఆ పట్టీలను కార్బనైజేషన్‌కు ముందు తీసేయండి. అక్కడ బరువులో సగం దాకా పోతుంది కనుక పొర కొంత కుదించుకోక తప్పదు. ఆక్సిజన్ అవసరం లేదు కాబట్టి అప్పుడు గ్రాఫైట్ పలకల మధ్య తేలిగ్గా ఉంచితే సరిపోతుంది. పట్టుదలకు పోయి అక్కడా అంచులు బిగించిన నా పొర ఒకటి నిలువునా చిరిగింది.