గ్యాస్ వాడితే అయిపోయేది కాదు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కారు ఏసీ వేడిగాలి కొడుతోందని, షెడ్డులో చూపిస్తే ‘గ్యాస్ అయిపోయింది, నింపేస్తాం’ అన్నారని రాశావు. ఇంకా సరే అనలేదు కదా? అనకు. గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, తిరిగేకొద్దీ అయిపోవడానికి. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల్లోంచి కాస్త కాస్త పోవడం మామూలే. కానీ నిరుడు నింపింది ఈ ఏడు లేదంటే ఎక్కడో లీకున్నట్టే.

ఈ తప్పు నేనే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఒకే వేసవిలో మూడుసార్లు నింపించాను. నింపిన ప్రతిసారీ రెండు వారాలు చల్లగా ఉండేది, తర్వాత మళ్లీ మొదటికొచ్చేది. చివరికి చూస్తే గ్యాస్ ఎక్కించే వాల్వు దగ్గరే కారుతోంది. దాని మూత ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మూత గురించి దెప్పుతూనే ఉంది.

నీ ఉత్తరం చివర్లో, బండి వేగంగా పోతున్నప్పుడు కొంచెం చల్లగానే ఉంటుంది, ఆగితేనే వేడి అని ఒక ముక్క రాశావు. మొత్తం ఉత్తరంలో పనికొచ్చేది అదే. కారు లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో వదిలేస్తుంది. బండి పోతుంటే ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. కాబట్టి ఏసీ వేసి, బానెట్ ఎత్తి, ఆ ఫ్యాన్ తిరుగుతోందో లేదో ముందు చూడు. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకు. ఆగి ఉన్న ఫ్యాన్ చెప్పకుండా తిరగడం మొదలెడుతుంది.

ఫ్యాన్ తిరుగుతుంటే, బండి ముందు నుంచి కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు చల్లు. రెండు నిమిషాల్లో లోపల చల్లబడిందంటే లోపం గ్యాస్ తక్కువవడం కాదు, గాలి సరిగా ఆడకపోవడమే అనుకోవచ్చు. సన్నటి రేకుల మధ్య దుమ్ము, పురుగులు పేరుకుని ఉంటాయి. నీళ్లు తక్కువ ఒత్తిడితో కొట్టి కడుగు. ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది.

నీళ్లు చల్లినా మార్పు లేకపోతే ఏసీ గొట్టాలు చూడు. లావు గొట్టం చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్న గొట్టం వేడిగా ఉంటుంది, జాగ్రత్తగా తాకు. రెండూ ఒకేలా ఉన్నాయంటే గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెసర్ పని చెయ్యట్లేదు, లేదా లోపల గ్యాస్ లేదు. ఏసీ వెయ్యగానే ‘టక్’మని కంప్రెసర్ క్లచ్ (గేరు క్లచ్ కాదు, కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టుకి కలిపేది) పట్టే బండ్లలో కంటికే తెలుస్తుంది. క్లచ్ లేని కొత్త రకాల్లో పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, అది చూసి ఏదీ తేల్చకు. క్లచ్ పట్టకపోతే ఫ్యూజు, రిలే చూడు. అవి బాగుంటే కంప్రెసర్ పోయిందని భయపడకు. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్చే దాన్ని ఆపేస్తుంది. కంప్రెసర్‌కి కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది మరి. ఆ స్విచ్చికి వైరు ముక్క కలిపి నడిపించే తెలివిగల వాళ్లున్నారు. నీ బండి మీద చెయ్యనివ్వకు.

చల్లగాలి ఒక అరగంట వచ్చి, తర్వాత గాలే తగ్గిపోతుంటే అది వేరే కథ. లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మంచు కడుతోంది. గాలి వడకట్టే కేబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో తీసి చూడు.

చివరికి గ్యాస్ తక్కువే అని తేలిందనుకో. నింపే ముందు లీకు చూపించమను. ఆయిల్ కూడా కారుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు, దానికంటుకున్న దుమ్ము కనిపిస్తాయి. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లతో వెతకాలి. గొట్టాలు విప్పితే అతుకుల్లో ఉండే రబ్బరు ఓ రింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలి. తర్వాత లోపలి గాలి, తేమ లాగేసేలా కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి, ఆపాక ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో నువ్వే నిలబడి చూడు. తేమ మిగిలితే అది గ్యాస్‌ని కూలింగ్ కాయిల్‌లోకి వదిలే వాల్వు దగ్గర గడ్డకడుతుంది, లోపల ఆసిడ్ కూడా తయారవుతుంది.

గ్యాస్ తూకం ప్రకారమే ఎక్కించాలి. ఎన్ని గ్రాములో, ఏ రకమో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఆర్-134ఎ అని ఉంటే అదే, ఆర్-1234వైఎఫ్ అని ఉంటే అదే, కలపకూడదు. ఇంజిన్ ఆపి గేజ్ పెట్టి ‘ఫుల్‌గా ఉంది’ అంటే నమ్మకు. 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఎ సుమారు 97 పీఎస్‌ఐ ఒత్తిడి చూపిస్తుంది. లోపల ఒత్తిడికి ద్రవంగా మారిన గ్యాస్ కొంచెం ఉన్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. మరీ ఎక్కువ నింపినా వేడిగాలే వస్తుంది.

గ్యాస్ డబ్బా కొని సొంతంగా ఎక్కిస్తానని మాత్రం అనకు. డబ్బాలో ద్రవంగా ఉండే ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. డబ్బాను పొరపాటున ఎక్కువ ప్రెషర్ వైపు తగిలిస్తే అది పేలిపోవచ్చు.

రేపు ఫ్యాన్ చూసి, నీళ్లు చల్లి చూసి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం పడుకుంటాను, నాలుగు దాటాక చెయ్యి.

మీ మామయ్య