పురుగు వీపు మీద బియ్యపు గింజలు: మందు కొట్టాలా?

సందేహం: నువ్వు చేనులో చిటికెన వేలంత పచ్చ పురుగులు ఆకు తినేస్తున్నాయి. తోక దగ్గర కొమ్ములాంటిది ఉంది. కొన్నింటి వీపు మీద తెల్లగా బియ్యపు గింజల్లాంటివి గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. ఇవి గుడ్లేనా? అన్నీ పిల్లలైతే చేను మిగలదని టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టమంటారు?

సలహా: ముందు ఆ డబ్బా పక్కన పెట్టండి. అవి గుడ్లు కావు. కొమ్ము పురుగు రెక్కలొచ్చాకే గుడ్లు పెడుతుంది, అదీ ఆకుల మీద ఒక్కొక్కటిగా. మీరు చూసినవి ఓ చిన్న కందిరీగ పిల్లలు అల్లుకున్న పట్టుగూళ్లు. ఇలాంటి కందిరీగలను బదనికలు అంటాం. మామిడి కొమ్మ మీద మొలిచే బదనికకూ ఇదే పేరు. కాకపోతే ఆ మొక్క చెట్టును ఏళ్ల తరబడి పీలుస్తూ బతుకుతుంది, ఈ కందిరీగ తాను చేరిన పురుగును చంపిగానీ వదలదు.

తల్లి కందిరీగ రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో, మనల్ని కుట్టదు. పురుగు చర్మంలో సూదిలాంటి గొట్టం గుచ్చి లోపల పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఒంట్లోకి వేరే గుడ్డు వస్తే పురుగు ఊరుకోదు, రక్తకణాలతో చుట్టేసి చంపుతుంది. అందుకే తల్లి గుడ్లతో పాటే ఒక వైరస్‌నూ ఎక్కిస్తుంది. దాంతో పురుగు రోగనిరోధక శక్తి చచ్చుబడుతుంది. ఆ వైరస్ తయారీకి కావలసిన జన్యువులు కందిరీగ ఒంట్లోనే తరతరాలుగా వస్తున్నాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకిది ఇప్పటికీ వింతే. పిల్లలు పురుగు రక్తం తాగి పెరుగుతాయి, కీలక అవయవాల జోలికి పోవు. అవి ఎదిగేదాకా పురుగు బతికుండాలి కదా.

ఒకసారి ఇలాంటి పురుగును డబ్బాలో పెట్టి చూశాను. చర్మం మీద అక్కడక్కడా చుక్కలు ఉబ్బాయి, ఒక్కో చోట నుంచి తెల్లటి పిల్ల బయటికొచ్చి, తల అటూ ఇటూ ఊపుతూ దారం అల్లడం మొదలుపెట్టింది. పురుగు చావలేదు. తాకితే తల విదిలించేది. పక్కనే లేత ఆకు వేసినా ముట్టుకోలేదు. మీ చేనులో గూళ్లున్న పురుగులూ అంతే, ఇక ఆకు కొరకవు.

కాబట్టి వాటిని ఉన్నచోటే వదిలేయండి. గూళ్లు లేనివాటిని మాత్రం ఏరి సబ్బు నీళ్లలో వేయండి. సైజు పెద్దది కాబట్టి ఏరడం కష్టం కాదు. ఆకుల మీద నల్లటి పెంటికలు కనిపిస్తే పైకి చూడండి, అక్కడే ఉంటుంది. ఉధృతి చేయి దాటితే, పురుగులు చిన్నవిగా ఉన్నప్పుడే బీటీ మందు (పురుగును చంపే ఒక బ్యాక్టీరియాతో చేసింది) సాయంత్రం పూట కొట్టండి. అది ఆకుతో పాటు తిన్న పురుగు మీదే పనిచేస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రసాయన పురుగుమందులు వద్దు, కందిరీగలు ముందు పోతాయి. రెక్కలొచ్చిన కందిరీగలకు పూల తేనె కావాలి, గట్టు మీద కాస్త ధనియాలు చల్లి పూతకు వదిలితే బాగా నిలుస్తాయి.

నమ్మకం కుదరకపోతే గూళ్లున్న పురుగును సీసాలో వేసి పల్చటి గుడ్డ కట్టండి. వారం పది రోజుల్లో గూళ్ల కొనలు మూతల్లా తెరుచుకుని చిన్న నల్ల కందిరీగలు కనిపిస్తాయి. అప్పుడు సీసా చేనులోకి తీసుకెళ్లి గుడ్డ విప్పండి.