వాల్‌నట్ బల్లకు నగిషీ కావాలంటే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి ఇంటీరియర్ డిజైన్‌లో డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాద్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో కొంతకాలం పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా ఆర్డర్లు తీసుకుంటున్నాడు. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్‌ను అమెరికన్ వాల్‌నట్‌తో చేయమని అడ్వాన్సు ఇచ్చారు. అయితే కాళ్లకు నగిషీ, బల్ల చుట్టూ ఇత్తడి పట్టీ, అద్దంలా మెరిసే పాలిష్, ఇంట్లోని పాత టేకు సామానుతో కలిసిపోయే రంగు ఆమె కోరికలు. అంత మంచి చెక్కను చేజేతులా పాడుచేయలేనని, అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తానని మావాడు పట్టుబట్టాడు. వాడు ఈ వృత్తికి పనికివస్తాడా? లేక ఏదైనా పీజీలో చేర్పించమంటారా?

జవాబు: అడ్వాన్సు ఇప్పుడే తిరిగి ఇవ్వవద్దని చెప్పండి. వృత్తికి పనికివస్తాడా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చకండి. ఈ ఆర్డరును అతను ఎలా నడిపిస్తాడో చూస్తే ఆ ప్రశ్నకు మీకే జవాబు దొరుకుతుంది. ఆర్డరు మీద ఫర్నిచర్ చేయడమంటే ఇంకొకరి డబ్బుతో, ఇంకొకరి ఇంట్లో, వాళ్లు రోజూ వాడుకునే వస్తువును తయారుచేయడం. అందులో చేసేవాడి అభిరుచికి చోటు ఉంటుంది గానీ, మొదటి హక్కు మాత్రం వాడుకునేవారిదే. చేసేవాడికి తిరుగులేని అధికారం ఉన్నది చెక్క ప్రవర్తన, అతుకుల బలం, వస్తువు మన్నిక అనే విషయాల్లో. మీ అబ్బాయి ఈ రెంటినీ కలిపేసుకుంటున్నాడని నాకు అనిపిస్తోంది.

చెక్కను పాడుచేయడం అన్న అతని అభియోగాన్నే ముందుగా పరిశీలిద్దాం. వాల్‌నట్‌ను సాదాగా ఉంచి, చారలు కనబడేలా నూనె మాత్రమే పట్టించాలన్నది ఆ చెక్క విధించిన నియమం కాదు. అది ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలోను, స్కాండినేవియా దేశాల్లోను స్థిరపడి, డిజైన్ కళాశాలల ద్వారా మన దాకా వచ్చిన ఒక అభిరుచి. శ్రీనగర్ పనివాళ్లు ఈ చెట్టుకు దగ్గర బంధువైన అక్రోటు చెట్టు చెక్క మీద చినార్ ఆకులను, తామరలను, ద్రాక్షతీగలను లోతుగా చెక్కుతారు. కశ్మీరు వాల్‌నట్ నగిషీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పదిహేడో శతాబ్దం చివరలో ఇంగ్లండులో వాల్‌నట్‌ను పల్చని పొరలుగా కోసి, వాటిలో రంగురంగుల చెక్కలతో పూలు పొదిగి బీరువాలు చేసేవారు. కనుక ఆ ప్రధానోపాధ్యాయురాలు చెక్కకు అన్యాయం చేయమని అడగడం లేదు. మీ అబ్బాయి చదువులో తారసపడని మరొక సంప్రదాయానికి దగ్గరగా ఉన్న వస్తువును అడుగుతున్నారు, అంతే.

వాల్‌నట్ పలకల అందాన్ని ఉన్నదున్నట్టు చూపించిన జార్జ్ నకషిమా పేరు అతనికి తప్పక తెలిసి ఉంటుంది. 1905లో పుట్టిన ఈ అమెరికన్ వాస్తుశిల్పి, ఫర్నిచర్ రూపకర్త 1930ల చివరలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతి భవనం నిర్మాణంలో పనిచేశారు. నకషిమా అభిరుచి కోసమే జనం ఆయన దగ్గరకు వెళ్లారన్నది నిజమే. నెల్సన్ రాక్‌ఫెల్లర్ తన ఇంటికి రెండు వందలకు పైగా వస్తువులు చేయించుకున్నది 1973లో. అప్పటికి నకషిమాకు అరవై ఏడెనిమిదేళ్లు. అంతకుముందు 1940లలో ఆయన నాల్ అనే ఫర్నిచర్ సంస్థ కోసం, అంటే ఆ సంస్థ అమ్మకాల అవసరాలకు తగినట్టుగా, డిజైన్లు ఇచ్చారు. గిరాకీని ఎంచుకునే స్థాయి ఆయనకు వృత్తి ఆరంభంలో దక్కింది కాదు.

ఇక ఆమె కోరికలను ఒక్కొక్కటిగా చూస్తే, కాళ్ల నగిషీలో చిక్కేమీ లేదు. వాల్‌నట్ ఉలికి బాగా లొంగే చెక్క. మీ అబ్బాయికి నగిషీ చేతకాకపోతే ఆ ఒక్క పనిని తెలిసిన వడ్రంగికి అప్పగించి, అతనికి ఇచ్చే కూలిని విడిగా చూపించవచ్చు.

పాలిష్ విషయంలో నేను నిస్సంకోచంగా ఆమె పక్షమే. నూనె పట్టించిన బల్ల ఫొటోలో ముచ్చటగా ఉంటుంది గానీ, మన భోజనాల బల్ల మీద పసుపు పడుతుంది, ఆవకాయ నూనె కారుతుంది, చల్లటి నీళ్ల గ్లాసులు వలయాలు వేస్తాయి. పైగా వాల్‌నట్‌లో ఇనుముతో కలిస్తే నల్లబడే టానిన్ అనే పదార్థం ఉండడం వల్ల తడి ఇనుప మూకుడును కాసేపు దించి ఉంచితే నల్లటి మరక దిగిపోతుంది. పీయూ (పాలీయురిథేన్) పాలిష్ వీటన్నిటినీ నూనెకన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. ఆమె మెరుపు కోరుతున్నది రోజూ తుడుచుకోవడం సులువని కూడా కావచ్చు. ఆ మాట అడిగి తెలుసుకోవాలి. అయితే వాల్‌నట్ రంధ్రాలున్న చెక్క కనుక, వాటిని ఫిల్లర్‌తో పూడ్చకుండా అద్దంలాంటి మెరుపు రాదు. దానికి పట్టే అదనపు రోజులను, ఖర్చును ధరలో చేర్చాలి.

రంగు దగ్గర మాత్రం ఆమెకు తెలియని సంగతిని మీ అబ్బాయే చెప్పాలి. అప్పుడే చిత్రిక పట్టిన వాల్‌నట్ చాక్లెట్ రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ వెలుతురుకు లేతబడి తేనెరంగు వైపు జరుగుతుంది. ఆ ఇంట్లోని పాత టేకు మారవలసినంత ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అందువల్ల ఈ రోజు రెంటినీ ఎంత జాగ్రత్తగా కలిపినా కొన్నేళ్లకు తేడా బయటపడుతుంది. ఇంకొక అనుమానం కూడా నివృత్తి చేసుకోవాలి. మన దుకాణాల్లో వాల్‌నట్ పేరుతో లామినేట్లు, పాలిష్‌లు అమ్ముతారు కనుక, ఆమెకు కావలసింది ఆ చెక్కా, లేక ఆ ఛాయా? ఛాయ మాత్రమే అయితే, టేకుతోనే చేయిద్దామని చెప్పడం నిజాయితీ. ఆర్డరు విలువ తగ్గినా ఆ మాట చెప్పగలిగితే, ఆమె బంధువుల్లో తర్వాతి ఆర్డరు ఎవరికి వెళుతుందో మీరే ఊహించుకోవచ్చు.

అసలైన పరీక్ష ఇత్తడి పట్టీ దగ్గర వస్తుంది. అమెరికాలో హార్డ్‌వుడ్ కలపను సాధారణంగా 6 నుంచి 8 శాతం తేమ మిగిలేలా బట్టీలో ఆరబెడతారు. సముద్రపు గాలి తగిలే ఇంట్లో అదే చెక్క తేమ పీల్చుకుని 12 శాతం దాటుతుంది. వాల్‌నట్ అడ్డంగా ఉబ్బే రేటును బట్టి లెక్క వేస్తే, 3 అడుగుల వెడల్పున్న బల్ల, తేమ 4 శాతం పెరిగినప్పుడు, సుమారు 10 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. పొడవులో మాత్రం దాదాపు మార్పుండదు. ఇత్తడికి ఈ గుణం లేదు. కనుక గట్టి చెక్క (ప్లైవుడ్ కలవకుండా పూర్తిగా అసలు చెక్క) బల్లకు నాలుగు వైపులా ఇత్తడిని బిగిస్తే, వెడల్పు వైపు పట్టీ ఊడిపోతుంది, లేదా చెక్క బీటలు వారుతుంది. దీనికి మార్గాలు రెండు ఉన్నాయి. గట్టి చెక్కే కావాలంటే పట్టీని పొడవు అంచుల వెంట మాత్రమే పొదిగి, బల్ల పైభాగాన్ని చట్రానికి జిగురుతో అంటించకుండా పొడవాటి బెజ్జాల్లో స్క్రూలతో పట్టి, కదలడానికి వీలు ఇవ్వాలి. నాలుగు వైపులా పట్టీయే ముఖ్యమనుకుంటే తేమను తట్టుకునే ఐఎస్ 710 రకం ప్లైవుడ్ మీద వాల్‌నట్ వీనీర్ (పల్చని చెక్క పొర) అతికించి, కాళ్లు మాత్రం గట్టి చెక్కతో చేయాలి. ఏది కావాలో ఆమె నిర్ణయిస్తారు. ఆ రెండు దారులనూ అర్థమయ్యేలా చెప్పి, ఆమె అడిగిన మూడో దారిలో చేయనని మర్యాదగా నిలబడడం మీ అబ్బాయి బాధ్యత. వృత్తిలో కాదనవలసింది ఇలాంటిచోటే. అలాగే ఎవరైనా చవక చెక్కకు రంగు పూసి వాల్‌నట్ అని బిల్లు రాయమంటే అక్కడా కాదనాలి.

ఈ మాటలన్నీ ఫోనులో తేలేవి కావు. ఒకే వాల్‌నట్ పలక నుంచి అడుగు పొడవు ముక్కలు మూడు కోసి, ఒకదానికి నూనె, ఒకదానికి మెరుపు తక్కువ పీయూ, ఒకదానికి పూర్తి మెరుపు పీయూ పట్టించి విశాఖకు తీసుకువెళ్లమనండి. వాటిని ఆమె టేకు సామాను పక్కనే పెట్టి, పగటి వెలుతురులోను, రాత్రి దీపాల కిందా చూడాలి. చవక చెక్కతో ఒక కాలును పూర్తి కొలతతో చేసి చూపిస్తే నగిషీ ఎంత మేర ఉండాలన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. చాలామంది పెద్దవాళ్లు కాగితం మీద ఒప్పుకోనిదాన్ని చేతితో తడిమి చూసి ఒప్పుకుంటారు. కొందరు అప్పుడే మరింత నగిషీ అడుగుతారు కూడా; ఆ అవకాశానికీ సిద్ధపడి వెళ్లాలి. ఎంచుకున్న నమూనా వెనుక ఇద్దరూ సంతకం చేసి, తేదీ వేసుకోవాలి.

లెక్క కూడా అప్పుడే ఆమె ముందు పెట్టాలి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పైభాగానికి ఒకటిన్నర ఘనపుటడుగుల చెక్క కావాలి. 3 అంగుళాల చదరపు కాళ్లు, పక్కచట్టాలు కలిపితే మొత్తం రెండున్నర దాకా వస్తుంది. అంచుల్లో వచ్చే తెల్లచెక్క, ముడులు, కోతల తరుగు తీసేస్తే మూడున్నర ఘనపుటడుగులైనా కొనవలసి ఉంటుంది. దిగుమతి చెక్క మీద ఈ తరుగును లెక్కకట్టని కొత్తవాళ్లు తమ కూలినే నష్టపోతారు. చెక్క ఖరీదుకు సరిపడా సొమ్ము చేతికి వచ్చాకే కొనాలని, డిజైన్ ఖరారైన తర్వాత కోరే మార్పులకు విడిగా రుసుము ఉంటుందని ఒక కాగితం మీద రాసుకోవాలి.

ఈ బల్ల తన పోర్ట్‌ఫోలియోను చెడగొడుతుందేమోనన్న బెంగ కూడా అతనికి ఉండవచ్చు. పైభాగం కింద స్క్రూలకు ఇచ్చిన వెసులుబాటు, కాలిలోకి దిగిన పక్కచట్టం కుసి (అతుకు కోసం చెక్కిన కొస), నమూనా ముక్కలు, ఆమెతో జరిగిన చర్చ క్రమం, ఇవన్నీ చూపించవలసిన పనే. కొత్తవాళ్లను పనిలోకి తీసుకునేవారు, తనకు నచ్చినట్టు చేసుకున్న పది వస్తువుల కన్నా ఇలాంటి ఒక్కదాన్ని ఎక్కువ శ్రద్ధగా చూస్తారని నా నమ్మకం.

పీజీ సంగతి తొందరపడవలసింది కాదు. ఈ ఆర్డరులో అతనికి ఇబ్బంది ఎక్కడ వచ్చిందో గమనించి అప్పుడు ఎంచుకోండి. చెక్క శాస్త్రం, యంత్రాల దగ్గర తడబడితే బెంగళూరులోని ఇనిస్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి చెందిన అడ్వాన్స్‌డ్ వుడ్‌వర్కింగ్ ట్రైనింగ్ సెంటర్‌లో శిక్షణ ఉపయోగపడుతుంది. పని బాగానే సాగినా, ప్రతి గిరాకీతో కూర్చుని మాట్లాడడమే భారమనిపిస్తే, అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ఎం.డెస్. అనే పీజీ చదివి, ఫర్నిచర్ కంపెనీల డిజైన్ విభాగాల్లోకి వెళ్లడం మేలు. అక్కడ ఒక్క వ్యక్తి ఇష్టాయిష్టాలతో కాక మార్కెట్ అవసరాలతో పని ఉంటుంది. ప్రవేశ పరీక్షకు తన డిగ్రీ సరిపోతుందో లేదో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. వృత్తి నచ్చకుండానే ఆర్డర్ల బెడద తప్పించుకోవడానికి మాత్రం పీజీలో చేర్పించకండి.

నమూనాలు చూపించి వచ్చిన తర్వాత కూడా తన వల్ల కాదని అతనికి అనిపిస్తే, చెక్క కొనకముందే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చి, ఆమె కోరిన నగిషీ బాగా చేయగల పనివాళ్ల వివరాలు చెప్పి రమ్మనండి. నమూనాలకు, ప్రయాణానికి అయిన ఖర్చు ముందుగా అనుకున్నది కాదు కనుక, దాన్ని ఆమెను అడగకూడదు.