బీరువా నిండా బట్టలే, వేసుకోవడానికి మాత్రం లేవు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి. అయినా రోజూ పొద్దున్నే "వేసుకోవడానికి ఏమీ లేదమ్మా" అని గొడవ. కొన్న ఆర్నెల్లకే పొట్టయిపోతున్నాయని రెండు సైజులు పెద్దవి తెస్తున్నాను. వాటిని తను ముట్టుకోదు. అసలు ఈ వయసు పిల్లకి ఎన్ని జతలు కావాలి? ఏవి కొంటే పనికొస్తాయి?
ఒక తల్లి

(అదే ఉత్తరం కింద, వేరే చేతిరాతతో: "ఆంటీ, జేబులున్న ప్యాంట్లు కొనమని చెప్పండి ప్లీజ్.")

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు సైజుల సంగతి మాట్లాడుకుందాం. నేను పాతికేళ్లు ఆడపిల్లల బట్టలు కుట్టాను. అంత పని తెలిసి కూడా మా అమ్మాయికి 13 ఏళ్లప్పుడు మీరు చేసినట్టే చేశాను. పెరిగే పిల్ల కదా అని నాలుగు టాపులు ఒకేసారి బాగా లూజుగా కుట్టేశాను. ఆ ఏడాదంతా పిల్ల భుజాలు ముడుచుకునే నడిచింది. సిగ్గేమో అనుకున్నాను. నిటారుగా నడవమని కసిరాను కూడా. ఒకరోజు అది మెట్లు దిగుతుంటే పరీక్షగా చూశాను. భుజం కుట్టు చేతి మీదికి రెండంగుళాలు జారి ఉంది. మెడ వెడల్పైపోయి ముందు కిందికి దిగిపోకుండా ఒక చెయ్యి ఎప్పుడూ గుండెల మీదే పెట్టుకుంటోంది. తప్పు పిల్లది కాదు, నా కుట్టుది. ఆ కసిరిన మాటలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నాను, భుజం మాత్రం ఇవాళ్టి కొలతకే కొనండి. పక్కలు వదులు చేసుకోవచ్చు, పొడవు దించుకోవచ్చు. భుజం సరిచేయాలంటే చెయ్యి, చంక, మెడ అన్నీ విప్పాలి, అది మళ్లీ కొత్తగా కుట్టినంత పని. పెరుగుదలకి చోటు కావాలంటే అది బట్ట లోపల ఉండాలి, బయట వేలాడకూడదు. కొనేముందు తిరగేసి చూడండి. పక్క కుట్టు దాటాక ఒక్కో అంచున అంగుళం బట్ట వదిలి ఉంటే, తర్వాత అరంగుళం చొప్పున విప్పినా చుట్టుకొలతలో రెండంగుళాలు వస్తుంది. అంచు పోగులు ఊడకుండా మెషీన్ మీద వేసే ఓవర్‌లాక్ కుట్టు పక్కనే అంచు కోసేసి ఉంటే ఇక విప్పడానికేమీ లేదు. కుట్టించుకునేటట్లయితే ఆ అంగుళం వదలమని ముందే చెప్పండి. ప్యాంటు కింద మడత రెండంగుళాలు ఉంచమనండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ముదురు రంగు ప్యాంటు ఏడాది వాడాక మడత దించితే పాత గీత తెల్లగా కనబడుతుంది. దాని మీద ఒక వరస కుట్టు వేయించండి, డిజైన్‌లా ఉంటుంది. కాటన్ బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి, తడిపి ఆరేశాకే టైలర్‌కి ఇవ్వండి.

ఇంకో మాట, మీరు ఊరట పడాల్సింది. ఈ పొట్టయిపోవడం ఎల్లకాలం ఉండదు. చాలామంది అమ్మాయిలు 11, 12, 13 ఏళ్లలో ఒక్కసారిగా పొడవెక్కుతారు, జోరుగా ఉన్న ఏడాది 8 సెంటీమీటర్ల దాకా. నెలసరి మొదలయ్యాక ఆ వేగం తగ్గుతుంది, సాధారణంగా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరిగి మెల్లగా ఆగిపోతుంది. ఆ దశ దాటితే పొడవు గురించి టెన్షన్ పడనక్కర్లేదు. కానీ ఛాతీ, నడుము, సీటు కొలతలు ఇంకొన్నేళ్లు మారతాయి. కాబట్టి ఎక్కువ కొని దాచకండి. నాలుగు నెలలకోసారి టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి.

ఎన్ని జతలంటే, అది మీ ఇంట్లో బట్టలు ఎన్ని రోజులకోసారి ఉతుకుతారనే దాన్ని బట్టి ఉంటుంది. వారానికి రెండుసార్లు ఉతికే ఇంట్లో ఏడు టాపులు, నాలుగు ప్యాంట్లు హాయిగా సరిపోతాయి. కింద వేసుకునేవి నలుపు, నేవీ బ్లూ లాంటి సాదా రంగులైతే ప్రతి టాపూ ప్రతి ప్యాంటు మీదికీ నప్పుతుంది, 28 జతలవుతాయి. మీ బీరువాలో బట్టలకి కొదవ లేదు, ఒకదానికొకటి కుదరడం లేదంతే. అన్నీ మంచం మీద పోసి మీ అమ్మాయినే వేరు చేయమనండి. మీరు పక్కన కూర్చోండి, "ఇది బాగానే ఉందిగా" అనకండి. ఎక్కడ గుచ్చుకుంటోంది, ఎక్కడ బిగుసుకుంటోంది అని మాత్రం అడగండి. రంగు తననే ఎంచుకోనివ్వండి. వేడుకలకి ఒక్క మంచి జత ఉంచండి, చాలు.

కొనేచోట అద్దం ముందు నిలబడి చూస్తే సరిపోదు. రెండు చేతులూ పైకెత్తమనండి, నడుము బయటపడుతోందా? కుర్చీలో కూర్చోమనండి, నేల మీద వస్తువు తీసినట్టు వంగమనండి. ఈ మూడూ ఇబ్బంది లేకుండా చేయగలిగితే ఆ జత రోజూ వాడుతుంది. చెమట పట్టే వయసు, పాలిస్టర్ చెమట పీల్చదు. ఒంటికి తగిలే టాపులు కాటన్‌వి, లేదా కాటన్ ఎక్కువ కలిసినవి చూడండి.

ఇప్పుడు అసలైనది. చాలామంది తల్లులు పైబట్టలకి గంటలు గంటలు తిరిగి, లోదుస్తులు చివర్లో అంచనాగా కొనేస్తారు. టాపు కుదరడం లేదని నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఎందరికో టాపు బాగానే ఉండేది, లోపల బ్రా సైజే తప్పు. బరువు మోయాల్సింది భుజం పట్టీ కాదు, కింది పట్టీ. అది వీపు మీద పైకి పాకకుండా సమంగా ఉండాలి, దాని కింద రెండు వేళ్లు దూరాలి. భుజాల మీద ఎర్రటి గీతలు పడుతున్నాయంటే కొలత మారిందేమో చూడండి. మొదట్లో తీగలు లేని మెత్తటి కాటన్‌వి మూడు, ఆటలుంటే స్పోర్ట్స్ బ్రాలు రెండు కొనండి. తెల్ల టాపు కింద తెల్లది వేస్తే బయటికి తెలుస్తుంది, ఒంటి రంగుకి దగ్గరది వేస్తే తెలియదు. ప్యాంటీలు కాటన్‌వి పది దాకా ఉండనివ్వండి, అందులో నాలుగు ముదురు రంగువి, నెలసరి రోజులకి విడిగా. ఆ రోజుల కోసమే ఒక నల్ల ప్యాంటు ఎప్పుడూ ఉతికి సిద్ధంగా ఉంచండి. అవసరమైతే నడుముకి కట్టుకోవడానికి వీలుగా, ముందు జిప్ ఉన్న పల్చటి జాకెట్ ఒకటి ఉంటే పిల్లకి ఎంతో ధైర్యం.

ఇక నీకు తల్లీ, జేబుల సంగతి. నువ్వడిగింది న్యాయం. ఫోను 15, 16 సెంటీమీటర్ల పొడవుంటే అమ్మాయిల ప్యాంట్లలో చాలావాటికి అది పూర్తిగా పట్టని జేబు పెడతారు. కొనేటప్పుడు చెయ్యి మణికట్టు దాకా దూరుతుందేమో చూడు. లేని వాటికి మనమే వేసుకోవచ్చు, లెగ్గింగ్స్‌కి తప్ప. పాత కాటన్ చొక్కా మీద నీ అరచెయ్యి పెట్టి, చుట్టూ అంగుళంన్నర వదిలి గీసి రెండు ముక్కలు కత్తిరించు. ప్యాంటు పక్క కుట్టుని నడుం పట్టీకి రెండంగుళాల కింద మొదలుపెట్టి ఆరంగుళాలు విప్పు. ఒక ముక్క ముందు అంచుకీ ఒకటి వెనక అంచుకీ కుట్టు, తర్వాత చెయ్యి దూరే నోరు వదిలేసి రెండు ముక్కల్నీ చుట్టూ కలిపి కుట్టేయ్. మొదలు, చివర దారం వెనక్కీ ముందుకీ మూడుసార్లు పోనివ్వు, జేబు చిరిగేది అక్కడే. మొదటిది పాత ప్యాంటు మీద చేసి చూడు.