ఆయన కుర్చీలో నేను కూర్చోగలనా?

ప్రశ్న: మేడమ్, మాది పలాస దగ్గర పల్లెటూరు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. మన జిల్లాల సమస్యల మీద దూరదర్శన్‌లో వారానికోసారి వచ్చే చర్చా కార్యక్రమానికి నన్ను యాంకర్‌గా తీసుకున్నారు. పద్నాలుగేళ్లుగా దాన్ని ఒక పెద్దాయన నడిపారు. మా నాన్న ఆయన కోసమే టీవీ పెట్టేవారు. నా మొదటి ఎపిసోడ్ మా ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బు మీద. చాలా టెన్షన్‌గా ఉంది. నా మాటలో మా యాస తెలిసిపోతుంది. మార్చుకోవాలా? జనం నన్ను ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నువ్వు మా చిన్నమ్మాయి వయసుదానివి. మేడమ్ అని రాసినా నేను తల్లీ అనే పిలుస్తాను. విజయనగరం నుంచి ఇరవై రెండేళ్లు క్యాజువల్‌గా, అంటే పర్మనెంట్ ఉద్యోగం కాకుండా పిలిచినప్పుడల్లా వెళ్లి, ఇదే పని చేశాను కనుక, నీ ఉత్తరం చదవగానే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది.

అప్పుడు ఉద్దానంలోనే కవిటి వైపు ఒక తోటలో రికార్డింగ్. కొబ్బరి చెట్టు కింద కూర్చుని ఒకావిడ చెబుతోంది. “నీరసం, నీరసం అన్నాడమ్మా. విశాపట్నం తీసుకెల్లినాం. కిడ్నీలు పోనాయన్నారు. ఆరు నెల్లు తిరగనేదు, ఎల్లిపోనాడు.” నేను కెమెరా వైపు తిరిగి, “అంటే ఈమె భర్త మూత్రపిండాల వైఫల్యంతో మరణించారన్నమాట” అన్నాను. ఆవిడ టక్కున ఆగిపోయింది. తన మాట బాగోలేదని నేను దిద్దాననుకుంది పాపం. ఆ తర్వాత ఏమడిగినా ‘అవునండి’, ‘కాదండి’ తప్ప ఇంకో మాట లేదు. తిరిగొచ్చే దారంతా ఏడ్చాను. ఆవిడ చెప్పిందాంట్లో తెలుగువాళ్లకి అర్థం కానిది ఏముందని!

అందుకని నీ యాస జోలికి పోకు. నిన్ను చూసి ఆ ఊళ్లవాళ్లు మామూలుగా మాట్లాడితే చాలు. నువ్వు జాగ్రత్త పడాల్సింది లెక్చరర్ అలవాటు గురించి. పాఠం చెప్పేవాళ్లకి ప్రశ్న కూడా పాఠంలాగే వస్తుంది. ఒక్క ఊపిరిలో అయిపోని ప్రశ్నని రెండుగా విడగొట్టు.

ఇక ఆ పెద్దాయన సంగతి. మొదటి ఎపిసోడ్‌లో ఆయన పేరు ఒక్కసారి చెప్పి నమస్కారం పెట్టు, అంతే. కానీ ఈలోపు ఆయన ఇంటికి వెళ్లిరా తల్లీ, ఫోన్ కాదు. పద్నాలుగేళ్లలో తాను అడిగితే జవాబు రాని ప్రశ్నలేవో అడిగి రాసుకో. వాటిని మళ్లీ అడిగితే, ఆయన్ని ఇన్నాళ్లూ చూసినవాళ్లే నీకు తోడు నిలబడతారు. వంశధార నది మీద కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ సంగతే చూడు. ఒడిశాతో నీళ్ల తగాదా తేల్చడానికి వంశధార ట్రిబ్యునల్ 2010లో ఏర్పడింది, 2017లో తీర్పిచ్చింది. బ్యారేజీ కట్టుకోవచ్చంది. మరి కట్టడం? అలాగే తిత్లీ తుఫాను. 2018 అక్టోబర్ 11న మీ తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అప్పుడందరూ పరిహారం గురించే అడిగారు, అడగాల్సిందే. ఆ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొచ్చే వయసులో ఉన్నాయి. ఎన్ని బతికాయి, ఇన్నేళ్లూ ఆ ఇల్లు దేంతో గడిచింది అన్న ప్రశ్నలు అప్పుడు ఆయన అడగలేనివి. ఇప్పుడు నువ్వు అడగగలవు.

ఉద్దానం గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ‘ఇదంతా నీళ్ల వల్లే’ అని చర్చలో ఎవరో ఒకరు బల్లగుద్ది చెబుతారు. నీళ్ల మీద, ఎండలో పని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, ఇదొక్కటే కారణమని ఇంకా తేలలేదు. నీ నోటితో నువ్వు తేల్చెయ్యకు. మీ ఊళ్లో వినేవాళ్లు దాన్ని డాక్టరు మాటలా పట్టుకుంటారు. రెండోది, ఏడు మండలాలకి హిరమండలం రిజర్వాయర్ నుంచి మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. ‘పథకం ఎలా నడుస్తోంది’ అని అధికారిని అడిగితే ‘బాగా నడుస్తోంది’ అంటారు. ఒక ఊరి పేరు చెప్పి, ఫలానా వీధి చివరి కొళాయికి ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు నీళ్లొస్తున్నాయని అడుగు. రికార్డింగ్‌కి ముందు రోజు బిందె పట్టుకునే వేళకి నువ్వే ఆ కొళాయి దగ్గర నిలబడి చూసి రా. అధికారి చెప్పినదీ నువ్వు చూసినదీ ఒకటే అయితే ఆ మాట కూడా సంతోషంగా చెప్పు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లని పిలిస్తే వాళ్లకి ఏ రోజు వీలో వాళ్లనే అడిగి రికార్డింగ్ పెట్టించు. వాళ్లలో చాలామందికి తాగే నీళ్లు కొలత ప్రకారం. మర్యాదకని టీలు, నీళ్లు బలవంతం చెయ్యకండి.

చీరంటావా, సన్నగళ్లదీ దగ్గర చారలదీ వద్దు, కెమెరాలో కదులుతున్నట్టు కనిపిస్తుంది. గాజులు కాలర్ మైక్‌లో మోగుతాయి, తీసెయ్యి. చదవాల్సిన మాటలు కెమెరా ముందు చూపించే ప్రాంప్టర్ ఉంది కదా అని లింకులు, అంటే ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే నీ మాటలు, ముందే చదువుకోకుండా వెళ్లకు. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ గారు దూరదర్శన్‌లో తెలుగులో మొదటి వార్తలు చదివినప్పుడు ప్రాంప్టర్ లేదు. గుర్తుపెట్టుకుని మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. నీకు గుర్తుండాల్సినవి నాలుగైదు లింకులే.

జనం ఒప్పుకుంటారా అన్నావు. మొదటి మూడు నాలుగు వారాలు ‘ఆయన లేరా’ అని అడుగుతారు. అడగనీ. ఆయన మీద ప్రేమ అది, నీ మీద కోపం కాదు. మీ నాన్నగారిని మాత్రం మొదటి ఎపిసోడ్ నీ పక్కన కూర్చుని చూడొద్దను. నాన్నగారు వేరే ఇంట్లో నలుగురితో కలిసి చూడాలి. ఎక్కడ వినబడలేదో, ఎక్కడ అర్థం కాలేదో ఆ నలుగురూ అనుకున్నది వచ్చి నీకు చెప్పాలి.

ఎపిసోడ్ ఏ రోజు వస్తుందో రాయలేదు. తేదీ తెలియగానే నాకొక ఉత్తరం ముక్క రాయి తల్లీ.